పై వరుస సర్దిన అన్నం గిన్నె

సహోదరీ సహోదరులారా, మా ఇంట్లో అందరూ పడుకుని, ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడని వేళ, లైటు వేస్తే ఎవరైనా లేస్తారని వేయకుండా, చీకట్లో వంటింట్లో నిలబడి, చల్లారిన అన్నం గిన్నెలో చెయ్యి పెట్టి తిన్న రోజులు నాకున్నాయి, ఒకటీ రెండూ కాదు, ఏళ్ళకి ఏళ్ళు. ఆకలేసి తిన్నానంటే మీరు జాలిపడతారు గానీ ఆకలి మొదటి ముద్దలకే తీరిపోయేది, తర్వాత తిన్నదంతా ఎందుకు తిన్నానో నాకే తెలియదు, కడుపు ఇక చాలు తల్లీ అని మొత్తుకుంటున్నా చెయ్యి మాత్రం గిన్నెలోంచి బయటికి వచ్చేది కాదు. అన్నం అయ్యాక ఆవకాయ, ఆవకాయ మంటకి పిల్లల బూందీ డబ్బా, బూందీ తీపి చాలక బెల్లం గడ్డ. అప్పుడు పక్క మీదకి చేరి, ఊపిరాడక గోడవైపు తిరిగి, ప్రభువా ఇదే ఆఖరు అని చెప్పి కళ్ళు మూసుకునేదాన్ని. ఆ మాట ఆయన నా నోట ఎన్నిసార్లు విన్నాడో ఆయనకే తెలియాలి. అలాంటిదాన్ని ఆయన ఎలా బయటికి లాగాడో ఈ పత్రికలో రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను, ఇందులో మహిమ ఏదైనా ఉంటే అంతా ఆయనది, సిగ్గు మాత్రం పూర్తిగా నాది, దాంట్లో ఎవరికీ వాటా ఇవ్వను.

నా పేరు విజయకుమారి. మా పుట్టింటివాళ్ళది ఉంగుటూరులో కిరాణా కొట్టు, మా నాన్న, మా బాబాయిలు, మా మేనమామ అందరూ కొట్లవాళ్ళే, తక్కెడ పక్కన ఉయ్యాల కట్టి పెంచారు నన్ను, అందుకని రేటు అచ్చేసి ఉన్న పెరుగు ప్యాకెట్టుకి కూడా ఏమైనా తగ్గిస్తావా అని అడగనిదే నాకు తోచదు. నూజివీడు దగ్గర పల్లెకి కోడలిగా వచ్చాను. మా ఆయన, మా మరిది కలిసి ఆగిరిపల్లి వైపు మామిడి తోటలు గుత్తకు తీసుకుని కాయ కోయించి అమ్ముతారు. అందరం ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. మా అత్తయ్య, మేం రెండు జంటలం, పిల్లలు. మా మరిది భార్య పేరు ఎస్తేరు. నా సాక్ష్యం దేవుడి గురించే గానీ ఎస్తేరు లేకుండా చెప్పడం కుదరదు, ఎందుకంటే ఆ పిల్లంటే నాకు కుళ్ళు. మామూలు కుళ్ళు కాదు, పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు మొదలై రాత్రి పక్క వేసేదాకా ఉండే కుళ్ళు.

ఎందుకు కుళ్ళంటే ఆ పిల్ల తింటుంది. మధ్యాహ్నం అందరి మధ్యలో కూర్చుని, కంచంలో గుట్టలా పెట్టుకుని, పప్పు కలుపుకుని ఒకసారి, పులుసు పోసుకుని ఒకసారి, పెరుగుతో ఇంకోసారి, మామిడి కాలమైతే ఆపైన బకెట్టులో నీళ్ళు పోసి రసాలు వేసుకుని పిల్లలతో పోటీపడి జుర్రుతుంది, మోచేతుల దాకా కారుతుంటే నవ్వుతుంది. అంతా తిని లేస్తే ములక్కాడ లేచినట్టు ఉంటుంది. నేను గ్లాసు మజ్జిగ ఎక్కువ తాగితే జాకెట్టు కుట్లు విప్పించుకోవాలి. అత్తయ్య నన్ను చూసి, పెద్దకోడలికి గాలి తిన్నా ఒంటికి పడుతుందమ్మా అనేది, ఎస్తేరుని చూసి, దీనికి రాళ్ళు తిన్నా అరుగుతాయి అనేది. రెండూ మెచ్చుకోళ్ళే అని ఆవిడ అనుకునేది. నేను లోపల తూకం వేసి చూసుకుంటే నా పళ్ళెం ఎప్పుడూ కిందకే ఉండేది.

అలా ఉండగా నాకు షుగరు వచ్చింది. వచ్చిన ఏడాదికి తోటలో చెప్పు ఊడి, చిటికెన వేలు పక్కన ముల్లు గుచ్చుకుని చిన్న పుండు పడింది. చిన్నదే కదా అని పసుపు పెట్టుకున్నాను, అది మానలేదు. మందు మార్చారు, కట్టు మార్చారు, మానలేదు. నూజివీడు ఆసుపత్రిలో డాక్టరమ్మ పుండు చూసి, షుగరు దిగకపోతే ఇది మానదు, మానకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుంది, వేలితో ఆగుతుందని కూడా నేను మాటివ్వలేను అంది. అన్నం తిన్నాక వేసుకోమని బిళ్ళలు రాసి, రాత్రి తేలిగ్గా తినండి అని పంపించింది. రాత్రి తేలిగ్గా అన్నమాట వినగానే మా ఆయన నవ్వి, అసలు రాత్రి మా ఆవిడ రెండు ఇడ్లీలే తింటుందండీ అన్నాడు. నిజమే. ఆయన చూసినవి రెండే.

ఇంటికొచ్చి బేరం పెట్టాను. ఎవరితో అనుకున్నారు? దేవుడితోనే. అప్పుడు నేను చేసిన ప్రార్థన నాకింకా గుర్తుంది. "ప్రభువా, నా వేలు నిలబెట్టు, రాత్రి ఈ ఆశ తీసెయ్యి. దానికి బదులు శుక్రవారం ఉపవాసం ఇస్తాను. చాలదంటావా, బుధవారం కూడా కలుపుతాను." ఆయన ఏమీ మాట్లాడలేదు. కొట్లో పెరిగినదాన్ని, ఎదుటివాడు మాట్లాడకపోతే రేటు చాలలేదని అర్థం చేసుకోవడం అలవాటు, అందుకని సోమవారం కలిపాను, తర్వాత మంగళవారం, అలా అలా ఆదివారం ఒక్కటి మినహా అన్ని రోజులూ పగలు పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టకుండా అయ్యాను. బిళ్ళ మాత్రం పొద్దున్నే వేసేసుకునేదాన్ని, మందు మానితే డాక్టరమ్మ తిడుతుందని.

సహోదరీలారా, ఇక్కడ నా గుట్టు చెప్పాలి. ఆ ఉపవాసాల్లో నాకు ఇంకో లాభం కనపడింది. శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థనకి ఎస్తేరు వచ్చేది గానీ పదకొండు దాటితే ఉండలేకపోయేది, నా వల్ల కాదక్కా కళ్ళు తిరుగుతాయి అని అందరి ముందే చెప్పేసి, ఇంటికి పోయి తిని వచ్చేది. నేను మాత్రం సాయంత్రం దాకా కొంగు కప్పుకుని కదలకుండా కూర్చునేదాన్ని. సంఘంలో నన్ను ఉపవాసాల అక్క అనడం మొదలుపెట్టారు. పరీక్షలకి వెళ్ళే పిల్లల్ని తెచ్చి నా చేత ప్రార్థన చేయించుకునేవాళ్ళు. ఎస్తేరు కంటే నా పళ్ళెం పైకి లేచింది జీవితంలో అదొక్కసారే, ఇక దాన్ని దింపుతానా నేను? వేలి కోసం మొదలుపెట్టిన ఉపవాసం ఎస్తేరు మీద గెలవడానికి సాగింది.

కానీ పగలంతా మాడిన కడుపు రాత్రయ్యేసరికి తోడేలు అయ్యేది. ఇదివరకు చెంబుడు తినేదాన్ని బిందెడు తినడం మొదలుపెట్టాను. అయినా పొద్దున ఎవరూ అడిగేవాళ్ళు కాదు, ఎందుకు అడగలేదో నాకు బాగా తెలుసు అనుకున్నాను. మా తోటల్లో ట్రేలు నింపేటప్పుడు వరిగడ్డి పరిచి, అడుగున కొంచెం అటూ ఇటూ ఉన్న కాయ వేసి, పైన నిగనిగలాడే కాయ పేరుస్తారు కదా, దాన్ని పై వరుస అంటాం. నేను అన్నం గిన్నెకి పై వరుస వేసేదాన్ని. అడుగున బోలు చేసి, మెతుకులు పైకి తేల్చి, వేళ్ళతో తట్టి, ఎవరూ ముట్టనట్టు సర్ది మూత పెట్టేదాన్ని. కూర గిన్నెలో ముక్కలన్నీ పైకి లాగేదాన్ని. వంటింట్లో కూడా నా వ్యాపారం నాకు అక్కరకొచ్చిందని లోపల్లోపల మురిసిపోయేదాన్ని కూడా.

ఒకరోజు పొద్దున దొడ్లో ఉన్నాను, అవతల అత్తయ్య పక్కింటావిడతో అంటోంది. "మా చిన్నకోడలికి రాత్రిపూట కూడా ఆకలేనమ్మా, లేచి గిన్నెలు ఊడ్చేస్తుంది. అయినా చూడు, ఒంటికి పిసరంత పట్టదు."

ఆ మాట విని నేను ఏం చెయ్యాలి? అనుమానం రావాలి. నాకు అనుమానం రాలేదండీ, ఒళ్ళు మండిపోయింది. అంటే ఎస్తేరు కూడా రాత్రి తింటోంది! అదే వంటిల్లు, అదే గిన్నె, అదే చీకటి, ఆమెకి ఏమీ లేదు, నాకు షుగరూ పుండూ. ఆ పూట దేవుడి మీద నేను వేసిన కేసు ఇంకెవరి మీదా వెయ్యలేదు. "ప్రభువా, ఇదేం న్యాయం? సరుకు ఒకటే అయితే రేటు ఇద్దరికీ ఒకటే ఉండాలి కదా" అని ఏడ్చాను. ఏడ్చి ఊరుకోలేదు, ఆమె ఎప్పుడు వెళుతోందో ఆలోచించాను. నాకు ఎదురుపడలేదంటే నాకంటే ముందే వెళ్ళి మంచి ముక్కలన్నీ తినేస్తోందన్నమాట. ఆ రోజునుంచి ఇంకా ముందు లేచేదాన్ని, ఇల్లు సద్దుమణగడమే ఆలస్యం, ఎస్తేరు కంటే ముందు గిన్నె దగ్గరికి చేరాలి. లేని మనిషితో పోటీపడి తిన్నాను. నవ్వండి, ఫరవాలేదు, మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

పుండు నల్లబడింది.

మామిడి కోతలు జోరుగా ఉన్నప్పుడు ఒక పగలు, తోటలో నీడన కూర్చుని బంగినపల్లి కాయ ట్రేల్లో పేరుస్తున్నాను. పొద్దున ఖాళీ కడుపుతో బిళ్ళ వేసుకున్నాను, ఎండ నెత్తి మీదకి వచ్చింది. కూలివాళ్ళు క్యారేజీలు విప్పారు, ఎస్తేరు వాళ్ళ మధ్యలో కూర్చుని మామిడికాయ పప్పు కలుపుకుంటోంది, ఆ వాసన నా దాకా వచ్చింది. రా అక్కా అని పిలిచింది. నాకు ఉపవాసం అన్నాను, అందరికీ వినపడేటట్టు. ఆ తర్వాత చేతిలో కాయ వణికింది, చెమటలు పట్టాయి, చెట్లన్నీ ఒక పక్కకి ఒరిగినట్టయింది, ట్రే మీదే పడిపోయానట.

నాకు తెలివి వచ్చేసరికి నోట్లో తీపి. నా తల ఎస్తేరు ఒడిలో ఉంది. మెత్తబడిన రసం ముచిక తీసి, సొన పిండేసి, చంటిపిల్లకి పాలు పట్టినట్టు నా నోట్లోకి పిండుతోంది, ఒక్కో చుక్కా మింగు మింగు అంటోంది. షుగరు మనిషికి మామిడిపండా అని ఎవరో అరుస్తుంటే, ముందు మనిషిని ఉండనివ్వండి అంటోంది. ఆ పండు నన్ను బతికించిందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. మీకు దాచడం దేనికి, ఒడిలో పడుకుని కళ్ళు తెరిచిన నాకు ముందుగా వచ్చిన ఆలోచన కృతజ్ఞత కాదు. చివరికి నన్ను బతికించిన పేరు కూడా దీనికే పోయిందే అనుకున్నాను.

ఆసుపత్రిలో మంచం మీద పడుకోబెట్టి, డాక్టరమ్మ కాగితాలు తిరగేసి మా ఆయన్ని అడిగింది, పరగడుపున చూస్తే షుగరు ఆకాశంలో ఉంది, ఇవాళ మధ్యాహ్నం పాతాళంలో ఉంది, ఈవిడ అసలు ఎప్పుడు తింటారండీ అని. తినదండీ, ఉపవాసాలు చేస్తుంది, సంఘంలో మంచి పేరు అన్నాడాయన గర్వంగా. తినని మనిషికి తెల్లారేసరికి ఇంత షుగరు ఎక్కణ్ణుంచి వస్తుందని ఆవిడ. మా ఇంట్లో రాత్రి తినేది ఈ అమ్మాయి కాదండీ, చిన్నమ్మాయి అని అత్తయ్య ఎస్తేరుని చూపించింది. ఎస్తేరు నేల చూసింది. డాక్టరమ్మ ఆమెని పైనుంచి కింది దాకా చూసి నమ్మలేదు. నా వైపు తిరిగి, నిజం తెలిస్తే మందు మారుస్తాను, తెలియకపోతే వేలి సంగతి విజయవాడ పెద్దాసుపత్రిలో మాట్లాడుకోండి అని వెళ్ళిపోయింది.

మా ఆయన మందులకి, అత్తయ్య టీకి వెళ్ళారు. ఎస్తేరు, నేను మిగిలాం. ఎస్తేరు మంచం దగ్గరికి జరిగి, మెల్లగా అంది.

"నువ్వు చెప్తావా అక్కా, నన్ను చెప్పమంటావా?"

"ఏం చెప్పాలి? నువ్వూ తింటున్నావుగా రాత్రిళ్ళు."

"నేనా? రాత్రి మెతుకు ముట్టను నేను. ముడితే నిద్ర పట్టదు నాకు. మా గది వంటింటి పక్కనే కదా, మూత చప్పుడుకి మెలకువ వస్తుంది, అంతే."

"మరి అత్తయ్యతో?"

"పొద్దున్నే గిన్నె తీసి ఎవరు తిన్నారే అని అడుగుతుంది. నీకు మాట రాకూడదని నేనే అన్నాను. నాకేం పోయింది, సన్నగానే ఉన్నాగా." దుప్పటి నా కాళ్ళ మీదకి సర్దుతూ, "నువ్వు సర్దే తీరు బాగానే ఉంటుంది గానీ అక్కా, గరిటె పెడితే అడుగు తగులుతుంది" అంది.

సహోదరులారా, ఇన్నాళ్ళూ ఎస్తేరు తిండి చూసి కుళ్ళుకున్నానే, ఆ తిండిలో సగం నాదే. నేను తిన్నదాన్ని ఆమె లెక్కలో వేసి, ఆ లెక్క చూసి నేనే ఏడ్చాను. నా పై వరుస ఎవరినీ మోసం చెయ్యలేదు, నన్ను తప్ప. నా పరువుని కాపాడింది నా తెలివి కాదు, తెల్లారుజామున అత్తయ్య ముందు నిలబడి నాకు రావాల్సిన మాట తను పడిన ఆ పిల్ల. దుప్పటి మొహం మీదకి లాక్కుని ఆ మంచం మీదే ప్రార్థన చేశాను, అంత చిన్న ప్రార్థన నేనెప్పుడూ చెయ్యలేదు. "ప్రభువా, ఈసారి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. కొట్టు ఖాళీ. నువ్వే నాకు అన్నం పెట్టు." బేరం లేని ప్రార్థన నా నోట్లోంచి రావడమే మొదటి అద్భుతమని నేను నమ్ముతాను.

డాక్టరమ్మ మళ్ళీ వచ్చినప్పుడు మా ఆయన ముందు, అత్తయ్య ముందు చెప్పేశాను, రాత్రిళ్ళు తినేది నేనని. అత్తయ్య టీ గ్లాసు కింద పెట్టి, "అయితే ఆ బూందీ డబ్బా కూడా నువ్వేనా, పిల్లల్ని కొట్టాను కదే" అంది. డాక్టరమ్మ మాత్రం తిట్టలేదు. పగలంతా ఆపి ఆపి పెడితే రాత్రి ఆగదమ్మా, అది ఒక్క మీ తప్పే కాదు, వేళకి తినండి, మధ్యాహ్నం సరిగ్గా తినండి, బిళ్ళ తిన్నాకే వేసుకోండి, పడుకునే ముందు ఆకలనిపిస్తే కూర్చుని కాసిన్ని మజ్జిగో గుప్పెడు శనగలో లైటు వేసుకుని తీసుకోండి, మళ్ళీ జారితే దాక్కోకండి, నాకు చెప్పండి అంది. తినమని చెప్పే వైద్యం ఉంటుందని నేను అనుకోలేదు.

వినడానికి తేలికే. కానీ మధ్యాహ్నం తినాలంటే ఉపవాసాల అక్క చచ్చిపోవాలి. ఇంటికొచ్చాక మొదటి శుక్రవారం, ప్రార్థనకి అందరూ చేరారు, పాస్టరమ్మగారు నన్ను ముందుకి రమ్మన్నారు. నేను లేచి, అమ్మగారూ నేను అన్నం తిని వచ్చాను అన్నాను. ఆ ఒక్క మాట చెప్పడం కంటే వేలు కోయించుకోవడమే నయమనిపించింది. కొందరు మొహాలు చూసుకున్నారు. అమ్మగారు దగ్గరికి వచ్చి, ఇకనుంచి మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని ప్రార్థన చెయ్యి విజయా, నీ ప్రార్థన వేళ అదే అన్నారు. ఆ వారమే ఇంకో సహోదరి సాయంత్రం దాకా ఉపవాసం ఉంది, పరీక్షల పిల్లల్ని ప్రార్థనకి ఆమె దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ రాత్రి నాకు ఎంత ఆశ పుట్టిందంటే మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు నాకు ప్రభువు ఒకటి చూపించాడు. ఆ ఆశ ఏ రాత్రి పడితే ఆ రాత్రి రావడం లేదు. పగలు ఎవరినో చూసి నేను కాలిపోయిన రోజునే వస్తోంది. పక్క తోటవాళ్ళ కాయకి మంచి రేటు వచ్చిన రోజు, మా ఆడపడుచు కొత్త గాజులు వేసుకొచ్చిన రోజు, ఎస్తేరుని అత్తయ్య బంగారం అన్న రోజు. కడుపులో లేని ఆకలికి నేను అన్నం పెడుతున్నాను, అది ఎలా తీరుతుంది? అందుకని ఆశ వచ్చినప్పుడల్లా లేచి కూర్చుని, ఇవాళ ఎవరు అని నన్ను నేను అడుగుతాను, ఆ మనిషి పేరు పెట్టి, వాళ్ళ కంచం నిండుగా ఉంచు ప్రభువా అంటాను. మొదట్లో పళ్ళు బిగించుకుని అనేదాన్ని. చివర్లో నాది కూడా అని కలుపుతాను, బుద్ధి ఎక్కడికి పోతుంది. కొన్ని రాత్రులు ఓడిపోయాను, ఆ మాటా రాయాలి. కానీ ఓడిన పొద్దున గిన్నె సర్దలేదు, అత్తయ్య అడగకముందే నేనే చెప్పాను. నెలలు గడిచేకొద్దీ చెప్పాల్సిన పొద్దునలు తగ్గాయి. షుగరు దిగింది. నల్లబడిన చోట కొత్త చర్మం ఎర్రగా వచ్చింది. డాక్టరమ్మ కట్టు విప్పి, ఇక కట్టక్కర్లేదు అన్న రోజున నేను ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను, నా వేలు నాకు మిగిల్చిన దేవునికి వందనాలు, స్తోత్రాలు.

ఇప్పుడు మధ్యాహ్నం ఎస్తేరు పక్కన కూర్చుని తింటాను. ఆమె మూడుసార్లు కలుపుకుంటుంది, నేను ఒక్కసారే, ఇప్పటికీ పక్కకి ఒకసారి చూస్తాను, నిజంగానే అంత తింటుందండీ ఆ పిల్ల, అయినా ములక్కాడే. కుళ్ళు పూర్తిగా పోయిందని చెబితే పత్రికలో అబద్ధం రాసినదాన్ని అవుతాను. పాస్టరుగారు ఈ సాక్ష్యం రాయమని ముందు ఎస్తేరునే అడిగారు, నాకేం చెప్పడం రాదండీ అని ఆమె అనేలోపే నేను రాస్తానని చెయ్యెత్తాను. నా సంగతి అంతే. అయినా ప్రభువు నన్ను, పై వరుస తీసేసి అడుగు చూసి కూడా, వెనక్కి పంపలేదు.

ఈ మాటలు చదువుతున్న అక్కా, చెల్లీ, తమ్ముడూ, మీలో ఎవరో ఒకరు నిన్న రాత్రి కూడా చీకట్లో నిలబడే ఉంటారు. నాకు తెలుసు. ఆయనతో బేరం పెట్టకండి, ఆయన మన దగ్గర కొనేది ఏమీ లేదు. మీ ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, డాక్టరుకి దాచకండి, రేపు మధ్యాహ్నం అందరితో పాటు కూర్చుని, అందరూ చూస్తుండగా, కడుపునిండా అన్నం తినండి. మొదటి ముద్ద ఎత్తేముందు ఆయన్ని పిలవండి. మా ఇంటికే వచ్చాడండీ ఆయన, మీ ఇంటికి రాడా?